పావురాల వల కట్టిన గుహ

నన్ను గుహ పరిరక్షణ కమిటీలో ఎందుకు వేసుకున్నారో ముందే చెప్పేస్తాను. నాకు గుహల గురించి తెలుసని కాదు, గబ్బిలాల గురించి తెలుసని అసలే కాదు. తెలుగు చదవడం, రాయడం వచ్చని. మణికొండలో మా అపార్ట్‌మెంటూ, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లూ కలిసి వేసుకున్న ఆ కమిటీలో ఇంకెవరికీ ఆ విద్య లేదు. అందరూ తెలుగువాళ్ళే. అందరూ శుభ్రంగా తెలుగులోనే తిట్టుకుంటారు. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "మేడమ్ గారూ, మీరు స్కూల్లో తెలుగు చెప్పారు కదండీ, బోర్డు మీద రాసేదేదో మీరే చూడండి" అంటారు. ఏళ్ళ తరబడి ప్రభుత్వ బడిలో గొంతు చించుకుని రిటైరైనందుకు నాకు దక్కిన గౌరవం అది.

గుహ మా వీధి చివర రాళ్ళగుట్టలో ఉంది. ఈ ఐటీ కారిడార్‌లో గుట్టంటే ఇంకా కట్టని టవరని అర్థం. ఇదేదో కోర్టు తగాదాలో చిక్కుకుని, పుణ్యం బాగుండి బతికిపోయింది. పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, మధ్యలో ఈ గుహ. నోరు ఛాతీ ఎత్తే ఉంటుంది, లోపలికి వెళ్ళాక మాత్రం మనిషి నిలబడవచ్చు. లోపల పసుపు పూసిన రాయి ఒకటి, అదే అమ్మవారు. కప్పు నిండా గబ్బిలాలు. గుట్ట కింద బస్తీ ఉంది, టవర్ల కంటే చాలా పాతది. బస్తీ వాళ్ళు ఆ గబ్బిలాలను అమ్మవారి పిల్లలంటారు. సాయంత్రం అవి బయటికి పోయే వేళ గుహ ముందు ఎవరూ అడ్డం నిలబడరు.

అలాగని బస్తీ వాళ్ళను నెత్తిన పెట్టుకోను. ఏటా ఆ బండలకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కొట్టేది వాళ్ళే. బోనాలనాడు స్పీకరు డబ్బాలు గుహ నోటికి ఎదురుగా పెట్టి, అమ్మవారికి చెవుడున్నట్టు మోగించేదీ వాళ్ళే. ఇక మావాళ్ళ సంగతి చెప్పేదేముంది? శని, ఆదివారాలు వస్తే చాలు, పెళ్ళి కాబోయే జంటలు రంగుల పొగలు వదులుకుంటూ ఫోటోలకు దిగుతారు. వాళ్ళు వెళ్ళాక చిప్స్ ప్యాకెట్లూ, బీరు సీసాలూ మిగులుతాయి. ప్రేమికులు సరేసరి. ఫలానావాడు ఫలానాదాన్ని ప్రేమిస్తున్నాడని స్ప్రే పెయింటుతో రాయని బండ ఆ గుట్ట మీద లేదు. ఆ ప్రేమల్లో ఎన్ని నిలిచాయో తెలియదు గానీ పెయింటు మాత్రం నిక్షేపంగా ఉంది.

మా ఇంట్లో వంట చేసే ఆమె ఆ బస్తీ కోడలు. ఆషాఢం ఇంకా రాకముందే ఒకరోజు పప్పు తిరగమోత పెడుతూ, "అమ్మా, గీసారి తొలి బోనం మా ఇంటిదే" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి. పోపు మాడిపోతున్నా గమనించలేదు. ఆ బస్తీలో గుహలోకి తొలి బోనం పట్టుకెళ్ళే వంతు వీధి వరసన ఇల్లిల్లూ తిరుగుతుంది. కిందటిసారి వాళ్ళింటికి వచ్చినప్పుడు ఆమె కొత్త కోడలు. అత్త బోనమెత్తితే ఈమె వేపకొమ్మ పట్టుకుని వెనకాల నడిచింది. ఇప్పుడు ఈమెకే మనవరాలుంది.

"ఇంకోపారి వంతొచ్చేటాళ్ళకు నేనుంటనా? ఉన్నా, గీ మోకాళ్ళుంటయా?" అంది.

మోకాళ్ళ గొడవ ఎందుకంటే, బోనం నెత్తి మీద నుంచి దించకుండా, పైనున్న దీపం ఆరకుండా గుహలోకి వెళ్ళాలి. నోరు చిన్నది కాబట్టి మోకాళ్ళ మీద నడవాలి, మెడ మాత్రం నిటారుగా ఉండాలి. నడుమ ఎక్కడైనా దించితే వంతు పోయినట్టే. ఆ ఇంటి పేరు చెప్పుకుని మళ్ళీ వంతు వచ్చేదాకా బస్తీ అంతా నవ్వుతుంది. అందుకని ఆమె మా ఇంట్లో సాధన మొదలుపెట్టింది. నీళ్ళు నింపిన స్టీలు బిందె నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ మీద మా హాల్లో ఛాతీ ఎత్తున కట్టిన తాడు కింద నుంచి దూరి అవతలికి వెళ్ళడం. ఒకరోజు మావారు ఆన్‌లైన్ మీటింగ్ మధ్యలో కాఫీ కోసం బయటికొచ్చి, తాడు కింద నుంచి బిందె రావడం చూసి కొయ్యబారిపోయారు. "యోగానా?" అన్నారు. "బోనం సార్" అందామె, మెడ తిప్పకుండా. ఆయన కాఫీ సంగతి మర్చిపోయి గదిలోకి వెళ్ళిపోయారు.

ఇక కమిటీ. మా అధ్యక్షుడుగారు ఒక కంపెనీలో చాలా పెద్ద ఉద్యోగి. మాది గోదావరి వైపయితే ఆయనది గుంటూరు వైపు. మాట మాటకూ 'అండి' ఉంటుంది, వినడమే ఉండదు. గుహకు బోర్డులూ, బెంచీలూ పెట్టడానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఒక్కటే షరతు, స్థానిక సమాజం పాల్గొనాలి. "కమ్యూనిటీ ఇన్వాల్వ్‌మెంట్ చాలా ఇంపార్టెంటండీ" అన్నారు అధ్యక్షుడు. ఎవరి గుట్ట, ఎవరి బోర్డులు! అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే. సరే, బస్తీ పెద్దలను మా క్లబ్ హౌస్‌లో మీటింగుకు పిలిచారు.

వాళ్ళు తలపాగాలు చుట్టుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వేళకే వచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. వచ్చినవాళ్ళ పేర్లు యాప్‌లో ఎక్కించాలి, లోపలున్న ఫ్లాటు వాళ్ళు తమ ఫోన్లో సరేననాలి, అప్పుడే గేటు తెరుచుకుంటుంది. సరేననాల్సిన అధ్యక్షుడు సమాజ భాగస్వామ్యం మీద ప్రసంగిస్తున్నారు కనుక ఫోను సైలెంట్‌లో పెట్టారు. మేం లోపల సమోసాలు తిన్నాం. వాళ్ళు బయట ఎండలో నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూసి, కేకలేసి, దిగి వెళ్ళేసరికి బస్తీ పెద్దాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు. "ఫికర్ జెయ్యకమ్మా, మా గుట్టకు గేట్లేదు, మీరే రాండ్రి" అని వెళ్ళిపోయాడు. మీటింగు రిపోర్టులో 'స్థానికులను ఆహ్వానించాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు' అని రాశారు. అబద్ధమేం కాదు మరి, గేటు బయట నుంచి అభ్యంతరం ఎలా వినిపిస్తుంది?

గబ్బిలాల మీద చదువుకుంటున్న ఒక అమ్మాయి కూడా ఒకసారి వచ్చి చెప్పి వెళ్ళింది. లోపల లైట్లు పెట్టకండి, సాయంత్రం ఎవరినీ రానివ్వకండి, గుహ నోరు మూయకండి, అంతే చాలంది. అధ్యక్షుడు ఎంతో శ్రద్ధగా తలూపారు. వారం తిరక్కుండా గబ్బిలం బొమ్మతో టీ షర్టులు వచ్చాయి. ఆ అమ్మాయి మాటల్లో అమలైంది బొమ్మ ఒక్కటే.

ఆ తర్వాత మావాళ్ళకు బోనాల మీద కన్ను పడింది. బోనాల ఆదివారం నాడు 'హెరిటేజ్ వాక్' అన్నారు. తెల్లాపూర్ నుంచీ, గచ్చిబౌలి నుంచీ జనం స్లాట్ బుక్ చేసుకుని వచ్చి, తొలి బోనం గుహలోకి వెళ్ళడం చూస్తారట. చూడండి బాబూ, ఎవరొద్దన్నారు? కానీ గుహ దగ్గర పావురాలున్నాయి. బండల సందుల్లో గూళ్ళు పెట్టుకుని, కొత్త బెంచీల మీద రెట్టలు వేస్తున్నాయి. అతిథుల బట్టలు పాడవుతాయని కమిటీకి బెంగ పట్టుకుంది.

హైదరాబాదు అపార్ట్‌మెంటు మనిషికి పావురం కనిపిస్తే బుర్రలో ఒక్కటే మెరుస్తుంది. వల. మా బాల్కనీలన్నిటికీ నైలాన్ వలలు కట్టిన మనిషినే పిలిచారు. అసలు పావురం రాళ్ళలో బతికే పక్షి, మన బాల్కనీలకే అది కిరాయికి వచ్చింది. ఆ రాళ్ళలోంచి కూడా ఖాళీ చేయించాలన్న ఆలోచన, బండల మధ్య ఫ్లాటు కొనుక్కుని ఇంటికి 'రాక్ వ్యూ' అని పేరు పెట్టుకున్న వాళ్ళకే వస్తుంది. శనివారం మధ్యాహ్నం బండకు కన్నాలు తొలిచి, కొక్కేలు దిగగొట్టి, గుహ నోటికి నిలువునా వల కట్టేశారు. మనుషులు దూరడానికి జిప్పు కూడా పెట్టించారు. ఆ ఫోటో గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. నేను మాత్రం 'గబ్బిలాలెలా బయటికొస్తాయండీ?' అని రాశాను. అధ్యక్షుడు నా ప్రశ్నకు బొటనవేలి బొమ్మ పెట్టారు. ఫోను చేస్తే, "వన్ డే కే కదండీ మేడమ్, సోమవారం రివ్యూ చేద్దాం" అన్నారు.

ఆదివారం బోనం బయలుదేరడం మామూలుగానే ఆలస్యమైంది. గుట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. ముందు డప్పులు, వాటి వెనక ఆమె. పసుపు పూసిన కాళ్ళు, ఎర్రంచు చీర, నెత్తి మీద వేపాకులు చుట్టిన కుండ, పైన ప్రమిదలో దీపం. రోజూ మా వంటింట్లో గిన్నెలతో కుస్తీ పట్టే మనిషేనా అనిపించింది. పక్కన మనవరాలు వేపకొమ్మ పట్టుకుని నడుస్తోంది. గుహ దగ్గర టీ షర్టుల జనం ఫోన్లెత్తి సిద్ధంగా ఉన్నారు.

వలకు ఎండుటాకులేవో చిక్కుకున్నాయనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆకులు కావు. గబ్బిలాలు. రాత్రి బయటికి పోబోయి చిక్కుకున్నవి. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. వల వెనక, చీకట్లో, మిగతావి కీచుమంటున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"కత్తెర తెప్పించండి, ఈ దిక్కుమాలిన వల కోయండి!" అని అరిచాను.

"మేడమ్, కోస్తే వారంటీ పోతుందండీ" అన్నారు అధ్యక్షుడు. ఒట్టు, ఆ మాటే అన్నారు.

ఆమె అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. జిప్పు సగం దాకా తెరుచుకుని బిగుసుకుపోయింది. మనిషి వంగి దూరవచ్చు. నెత్తి మీద కుండా, కుండ మీద దీపమూ ఉన్న మనిషి ఎలా దూరుతుంది? అధ్యక్షుడు కంగారుగా ముందుకొచ్చారు.

"అమ్మా, నైలాన్ అది, అంటుకుంటుంది. కుండ కిందికి దించి, లోపలికెళ్ళాక మళ్ళీ ఎత్తుకోవచ్చు కదా?"

"దించనీకి రాదు సార్. దించితే వంతు పోతది."

"ఒక్క నిమిషమే కదండీ."

"మల్ల ఎత్తుకునుడేంది సారూ?" అన్నాడు బస్తీ పెద్దాయన. "గది మీ జిమ్ముల బరువనుకున్నరా?"

ఆమె ఇంకెవరి మాటా వినలేదు. మా హాల్లో తాడు కిందికి వెళ్ళినట్టే, మెడ నిటారుగా పెట్టి, మోకాళ్ళ మీద ముందుకు కదిలింది. దీపం వలకు తగిలింది. చుర్రుమంది. నైలాన్ కంపు కొట్టింది. పోగులు కరిగి ముడుచుకుపోతూ, కన్నం పెద్దదవుతూ పోయింది. కన్నం తన వెడల్పయ్యాక ఆమె లోపలికి దూరింది. అదే కన్నంలోంచి, ఆమె తల పక్క నుంచీ, దీపం మీద నుంచీ, గబ్బిలాలు ఒక్కపెట్టున బయటికొచ్చాయి.

వాక్‌కు వచ్చిన జనం కెవ్వుమన్నారు. అందరూ నేల మీద బోర్లా పడ్డారు. గబ్బిలం బొమ్మ చొక్కా వేసుకున్న మా అధ్యక్షుడు బెంచీ కిందికి దూరారు. నేనూ వంగాను, నాకేం కొమ్ములున్నాయా? వంగనిది ఆమె ఒక్కతే. వంగితే బోనం పడిపోతుంది. రెక్కలు ముఖానికి కొడుతున్నా తల తిప్పకుండా లోపలికి వెళ్ళి, అమ్మవారి ముందు బోనం దించింది. దీపం వెలుగుతూనే ఉంది.

ఇక్కడితో అయిపోతే నాకీ రాతే అక్కర్లేదు. మర్నాటి నుంచి గుహలో గబ్బిలాలు లేవు. కమిటీ గ్రూపులో 'స్థానికులు వలను తగలబెట్టారు, భయపడి గబ్బిలాలు పారిపోయాయి' అని రాసుకున్నారు. అది పోనీ అనుకోవచ్చు. బస్తీలో అంతకంటే ఘోరం జరిగింది. ఎన్నో తరాలుగా ఉన్న అమ్మవారి పిల్లలు ఈమె వంతులోనే పోయాయన్నారు. నిష్ఠ లేదన్నారు. అపార్ట్‌మెంట్లలో వండే చేతులతో బోనం వండితే ఇంతేనన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ వారం అటు టవర్లలోనూ ఇటు బస్తీలోనూ మంచి నోరు ఒక్కటీ లేదు.

ఆమె రెండు రోజులు పనికి రాలేదు. మూడోనాడు వచ్చింది. చారులో రెండుసార్లు ఉప్పేసింది. మావారు కూడా మారు మాట్లాడకుండా తాగేశారు. మూడోసారి ఉప్పు డబ్బా ఎత్తినప్పుడు నేను చెయ్యి పట్టుకున్నాను. "ఇన్నేండ్లు ఎదురుచూస్తి అమ్మా" అంది. "ఇప్పుడు నా మనవరాల్ని అడిగినా, మా అవ్వ వంతులనే పోయినయంటది." పొయ్యి వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ వారమే అధ్యక్షుడు ఫోను చేశారు. ఆమె గబ్బిలాల మధ్య బోనంతో వెళ్తున్న వీడియో దేశమంతా తిరుగుతోందట. కంపెనీ వాళ్ళు ఆ ఫోటోతో పెద్ద బోర్డు పెట్టిస్తున్నారట. "ఇంగ్లీషు మేం చూసుకుంటామండీ. కింద తెలుగులో రెండు లైన్లు మీరివ్వండి మేడమ్. లోకల్ పీపుల్ కనెక్ట్ అవ్వాలి." వల తగలబెట్టారని నిందించిన నోరే ఇప్పుడు ఆమె ఫోటోను బోర్డెక్కిస్తోంది.

సరే కనెక్ట్ అవుతారు లెండి అనుకుని, కూర్చుని రాశాను. 'ఈ గుహలో గబ్బిలాలు ఉండేవి. పావురాల వల కట్టి కమిటీ వాటిని చంపింది. మిగిలినవాటికి దారిచ్చింది తొలి బోనం. తప్పు వంతుది కాదు, మాది.' పంపించాను. "సూపర్ మేడమ్" అని జవాబొచ్చింది. బోర్డు అచ్చయి వచ్చింది. పై సగంలో ఇంగ్లీషు సామరస్యాన్ని పొగుడుతోంది, కింద నా తెలుగు. అధ్యక్షుడు దాని పక్కన నిలబడి ఫోటో దిగి గ్రూపులో పెట్టారు. అందరూ మళ్ళీ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

బస్తీ వాళ్ళు చదివారు. పెద్దాయన నలుగురినీ పోగేసి పైకి చదివి వినిపించాడట. ఆ సాయంత్రమే ఎవరో ఆ బోర్డుకు పసుపు కుంకుమ పెట్టి వేపమండ కట్టారు. పాపం, కమిటీకి బోర్డులో ఏముందో తెలిసింది అధ్యక్షుడి అత్తగారు ఊరి నుంచి వచ్చి చదివి చెప్పాకే. నన్ను కమిటీలోంచి తీసేశారు, సంతోషం. కానీ కుంకుమ పెట్టిన బోర్డును పీకే ధైర్యం ఏ కమిటీకుంది? పీకడానికి పిలిచిన మనిషి దానికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. చివరికి మా పెద్దమనుషులు టవర్లు దిగి, బస్తీలో చాప మీద కూర్చోవాల్సి వచ్చింది. అక్కడ యాప్ లేదు, సమోసాలూ లేవు. పెద్దాయన నన్నూ పిలిచాడు. పొద్దు వాలాక గుహ దగ్గరికి ఎవరూ పోకూడదని తేల్చారు. కొక్కేలన్నీ ఊడబెరకాలన్నారు. వచ్చే జనానికి దారి చూపించే పని బస్తీ వాళ్ళదే అన్నారు. ఆకుపచ్చ పెయింటూ, స్పీకరు డబ్బాలూ మానమని నేను అడ్డుపడితే పెద్దాయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. గబ్బిలాలు కొన్ని తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు.

ఒక సాయంత్రం ఆమే నన్ను బోర్డు దగ్గరికి తీసుకెళ్ళింది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివింది. ఏడుస్తుందేమో, నాకు దణ్ణం పెడుతుందేమోనని నేను మొహమాటపడి పక్కకు జరిగాను.

"గింత రాసినవ్, నా పేరు రాయకపోతివేందమ్మా?" అంది.

నిన్ను బజారుకీడ్చడం ఎందుకని రాయలేదన్నాను.

"మంచిగున్నది. గీ బండల మీద ఊరోళ్ళ పేర్లన్నీ ఉన్నయి. ఎవతెనో ప్రేమించినోడి పేరు గూడ ఉన్నది. మోకాళ్ళు చెక్కుకపోయినదాన్ని నా పేరు ఉండొద్దా?"

మనవరాలిని బస్తీకి పరిగెత్తించి చెరగని మార్కర్ తెప్పించింది. నేను బోర్డు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బడిలో పిల్లలకు రాసి చూపించినట్టు గుండ్రంగా ఆమె పేరూ ఇంటి పేరూ రాశాను. ఒత్తు సరిగా పడలేదని రెండుసార్లు దిద్దించింది. ఆ పేరు ఇక్కడ చెప్పను. వెళ్ళి చదువుకోండి, స్లాట్ అక్కర్లేదు. తెలుగు చదవడం వస్తే చాలు.